గిట్ హెల్ప్ పేజీలో మన ఫైల్ ఏమవుతుందో ఎక్కడ రాశారు?

విజయవాడలో ఇంజినీరింగ్ విద్యార్థులు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవారి ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం ఇది. తడబాట్లు మాత్రం తీసేశాం. కమాండ్లను వక్త పలికినట్టే ఉంచాం; డాష్ డాష్ అంటే -- గుర్తు. గిట్ అంటే కోడ్‌లో చేసే మార్పులను దశలవారీగా దాచుకుని టీమ్‌తో పంచుకునే టూల్. అలా దాచిన ఒక్కో దశ కమిట్, కమిట్ల విడి వరస బ్రాంచ్.

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినపడుతోందా? ఏసీ చప్పుడు బాగా ఉంది. వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

ముందు ఒకటి అడుగుతాను. గిట్ వాడేవాళ్లు ఎంతమంది? దాదాపు అందరూ. బాగుంది. గిట్ చెకౌట్ హెల్ప్ పేజీ మొదటి నుంచి చివరిదాకా చదివినవాళ్లు? చూశారా, చేతులన్నీ దిగిపోయాయి. నవ్వకండి, మీరేం సిగ్గుపడక్కర్లేదు. డౌటొస్తే ఏం చేస్తారు? గూగుల్‌లో వెతుకుతారు, చాట్‌బాట్‌ని అడుగుతారు, కాదంటే పక్క సీటు అన్నయ్యని అడుగుతారు. ఆయనో కమాండ్ చెప్తాడు, ఎంటర్ కొట్టేస్తారు. ఆ అన్నయ్య ఎక్కడ నేర్చుకున్నాడు? ఇంకో అన్నయ్య దగ్గర. పేజీ మాత్రం ఎవరూ తెరవరు.

ఎందుకు తెరవరమ్మా అంటే మా ఆఫీసులో కొత్త పిల్లలు చెప్పే జవాబు ఒకటే: "ఇంగ్లీష్ వీక్ మేడం." నేనొప్పుకోను. ఇంగ్లీషే మాతృభాష అయినవాళ్లు కూడా ఇదే పేజీ దగ్గర తల పట్టుకుంటారు. అందులో మాటలేమంత కష్టమైనవి కావు. చిక్కెక్కడుందంటే, వాక్యం టూల్ కడుపులోంచి మాట్లాడుతుంది. చదివేవాడు కీబోర్డ్ ముందు కూర్చుని ఉంటాడు.

మన పండిట్ నెహ్రూ బస్టాండ్‌కి వెళ్లి "ఏవండీ, గుంటూరు బస్సు ఎక్కడ ఆగుతుంది?" అని అడిగారనుకోండి. ఎంక్వైరీలో ఆయన "అది ఆటోనగర్ డిపో బండి, మొన్నే టైర్లు మార్చారు, డ్రైవర్ ఇప్పుడే డ్యూటీ ఎక్కాడు" అన్నాడనుకోండి. అందులో ఒక్క అబద్ధం లేదు. కానీ ప్లాట్‌ఫాం నంబర్ కూడా లేదు. మన కమిట్లను సర్వర్‌కి పంపే గిట్ పుష్ పేజీలో పై వరస ఏళ్ల తరబడి ఇలాగే ఉంది. రిమోట్ రెఫ్‌లను, వాటితోపాటు సంబంధిత ఆబ్జెక్టులను అప్‌డేట్ చేస్తుంది అని. నిజమే, లోపల జరిగేది అదే. కానీ పుష్ కొట్టే పిల్లవాడికి కావలసింది ఏమిటి? నా కమిట్లు సర్వర్‌కి వెళ్తాయా, వెళ్తే ఏ బ్రాంచ్‌లోకి, అక్కడ వేరేవాళ్లు పెట్టినవి ఏమవుతాయి. ఇంతే కదండీ?

ఇలా ఎందుకు తయారైందో కాస్త చరిత్ర చెప్తాను, ఎక్కువసేపు తీసుకోను. 2005 ఏప్రిల్. లైనక్స్ కెర్నల్, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, రాసేవాళ్లు అప్పటిదాకా కోడ్ మార్పులు దాచుకోవడానికి బిట్‌కీపర్ అనే టూల్ వాడేవారు. దాన్ని ఉచితంగా వాడుకునే వీలు పోయింది. లైనక్స్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ కూర్చుని సొంతంగా ఒకటి రాయడం మొదలుపెట్టాడు. అదే గిట్. ఆ ఏడాది జులైలో నిర్వహణ బాధ్యత జూనియో హమానో అనే డెవలపర్‌కి అప్పగించాడు. మొదట్లో అది మనలాంటివాళ్లు రోజూ వాడే టూల్ అని ఎవరూ అనుకోలేదు. అడుగున ఉండే చిన్నచిన్న కమాండ్లు, రీడ్ ట్రీ, రైట్ ట్రీ, అప్‌డేట్ కాష్, ఇలాంటివి. వాటి మీద ఇంకెవరో వాడుకకి అనువైన పైపొర కడతారన్న లెక్క. హెల్ప్ రాసింది ఎవరు? ఎక్కువగా ఆ కమాండ్లు కట్టే గుంపులోవాళ్లే. ఎవరికోసం? పక్కన కూర్చుని కడుతున్న ఇంకో కెర్నల్ డెవలపర్ కోసం. ఆయనకి ఆబ్జెక్ట్ అంటే ఏంటో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీరు గిట్ యాడ్ కొడితే, కమిట్‌కి ముందు ఫైల్ వెళ్లి కూర్చునే చోటుంది కదా, దాన్ని అప్పట్లో కాష్ అన్నారు, తర్వాత ఇండెక్స్ అన్నారు, ఇప్పుడు అందరం స్టేజింగ్ ఏరియా అంటున్నాం. పాత పేర్లు పోలేదు, ఆప్షన్లలో మిగిలిపోయాయి. అందుకే తేడాలు చూపే గిట్ డిఫ్‌లో డాష్ డాష్ కాష్డ్ అన్నా, డాష్ డాష్ స్టేజ్డ్ అన్నా ఒకటే. అక్కడితో ఆగితే బాగుండేది. వేరేవాళ్లు పంపిన మార్పులను కోడ్‌లో పెట్టే గిట్ అప్లైకి వచ్చేసరికి కాష్డ్ అంటే ఇండెక్స్‌ని మాత్రమే మార్చు, ఇండెక్స్ అంటే రెండిటినీ, అంటే ఇండెక్స్‌నీ మీ ఫోల్డర్‌లో ఫైల్‌నీ కలిపి మార్చు అని అర్థం. ఈ తేడా మాన్యువల్‌లో రాసే ఉంది. గిట్ సీఎల్ఐ అని వేరే పేజీలో. ఆ పేజీ ఉందని మీలో ఎవరికైనా తెలుసా? సరే, వదిలేయండి.

ఇవాళ నేను ఎక్కువసేపు నిలబడాలనుకున్నది చెకౌట్ దగ్గర. ఎందుకంటే మిగతాచోట్ల హెల్ప్ అర్థం కాకపోతే టైమ్ వేస్ట్ అవుతుంది. ఇక్కడ అర్థం కాకపోతే పని పోతుంది.

గిట్ చెకౌట్ బ్రాంచ్ పేరు అని కొట్టారు. ఏం చేస్తుంది? ఆ బ్రాంచ్‌కి మారుస్తుంది. మీరు సగంలో ఉన్న మార్పులు ఉంటే? ఇక్కడ గిట్ చాలా జాగ్రత్త మనిషి. బ్రాంచ్ మారితే మీ మార్పులు తుడిచిపెట్టుకుపోయేలా ఉంటే "నేను మారను, ముందు కమిట్ చెయ్యి, లేదా స్టాష్ చెయ్యి, అంటే పక్కన దాచు" అని ఆగిపోతుంది. ప్రమాదం లేకపోతే ఆ మార్పులను అలాగే మీతోపాటు కొత్త బ్రాంచ్‌కి తెస్తుంది. ఏదీ పోదు.

ఇప్పుడు గిట్ చెకౌట్ డాష్ డాష్ ఫైల్ పేరు అని కొట్టారు. ఏం చేస్తుంది? ఆ ఫైల్‌లో మీరు చేసినదంతా తీసేసి, ఇండెక్స్‌లో ఉన్న కాపీని దాని మీద రాసేస్తుంది. అడుగుతుందా? అడగదు. హెచ్చరిస్తుందా? హెచ్చరించదు. రెఫ్‌లాగ్‌లో, అంటే పాత కమిట్లను వెతుక్కునే గిట్ చిట్టాలో, దొరుకుతుందా? దొరకదు, ఎందుకంటే అది ఎప్పుడూ కమిట్ కాలేదు. మీ ఎడిటర్‌లో అన్‌డూ మిగిలి ఉంటే మీ అదృష్టం.

ఒకటే కమాండ్ అండి! ఒక రూపంలో కన్నతల్లిలా కాపాడుతుంది, ఇంకో రూపంలో చెప్పాపెట్టకుండా తుడిచేస్తుంది. ఇది ఆ పేజీలో మొదటి పేరాలో ఉండాలా వద్దా? పై వరసలో ఏమని ఉండేది? బ్రాంచ్‌లు మార్చు, లేదా ఫైళ్లను రిస్టోర్ చెయ్యి అని. రిస్టోర్ అని చదివినవాడికి పోయినది తిరిగొస్తుందనిపిస్తుంది గానీ, ఉన్నది పోతుందని ఎలా తడుతుంది? కిందకి వెళ్తే ఓవర్‌రైట్ అన్న మాట ఉండేది, లేదనడం లేదు. కానీ ఓవర్‌రైట్ అయ్యేది నువ్వు పొద్దున్నుంచి కొట్టిన కోడే నాయనా అని ఉండేది కాదు.

ఇంకా ఉంది. డాష్ డాష్ పెట్టకపోతే ఏమవుతుంది? మీ ప్రాజెక్టులో రిపోర్ట్స్ అని ఒక ఫోల్డర్ ఉందనుకోండి. మీ టీమ్‌లో అమ్మాయి రిపోర్ట్స్ అనే పేరుతోనే కొత్త బ్రాంచ్ పెట్టి పుష్ చేసింది. "అన్నా, నా బ్రాంచ్ చూడవా" అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టింది. మీరింకా ఫెచ్ చేయలేదు, అంటే సర్వర్‌లో కొత్తగా వచ్చినవి తెచ్చుకోలేదు. నేరుగా గిట్ చెకౌట్ రిపోర్ట్స్ అని కొట్టారు. మీ లాప్‌టాప్‌లో ఉన్న గిట్‌కి ఆ బ్రాంచ్ సంగతే తెలీదు. బ్రాంచ్ దొరకలేదు, కానీ ఆ పేరుతో ఫోల్డర్ ఉంది. సరే, ఈయన ఫోల్డర్ అడిగినట్టున్నాడు అనుకుని, ఆ ఫోల్డర్‌లో మీరు చేసిన మార్పులన్నీ తీసేసి ఇండెక్స్‌లో ఉన్నవి పెట్టేస్తుంది. పెట్టేసి ఏం చెప్తుందో తెలుసా? ఇండెక్స్ నుంచి ఇన్ని పాత్‌లు అప్‌డేట్ అయ్యాయి అంటుంది. మీరేమనుకుంటారు? ఆహా, అమ్మాయి కోడ్ వచ్చేసింది, అప్‌డేట్ అయింది అనుకుంటారు. ఆ ఫోల్డర్ తెరిచి చూసుకునేదాకా మీ పని పోయిందని మీకు తెలియదు.

గిట్ కట్టేవాళ్లకి ఇదంతా తెలియదా? తెలుసు. అందుకే 2019 ఆగస్టులో, 2.23 వెర్షన్‌లో, చెకౌట్ పనిని రెండుగా విడదీశారు. బ్రాంచ్ మారడానికి గిట్ స్విచ్, ఫైల్‌ని వెనక్కి తేవడానికి గిట్ రిస్టోర్. గిట్ స్విచ్ రిపోర్ట్స్ అని కొట్టి ఉంటే అలాంటి బ్రాంచ్ లేదని చెప్పి ఊరుకునేది, ఫోల్డర్ జోలికి పోయేది కాదు. అప్పటి నుంచి గిట్ స్టేటస్ ఇచ్చే సలహాల్లో కూడా పాత చెకౌట్, రీసెట్ తీసేసి రిస్టోర్ అని పెట్టారు. కానీ ఆ రెండు కమాండ్ల మాన్యువల్ పేజీల్లో "ఈ కమాండ్ ప్రయోగదశలో ఉంది, మారవచ్చు" అని పెద్ద అక్షరాల్లో ఒక హెచ్చరిక వేలాడుతూ ఉండిపోయింది. ఎప్పటిదాకా? 2025లో 2.51 వచ్చేదాకా. అంతకాలం మంచి కమాండ్ పేజీ మీద భయపెట్టే బోర్డు ఉంది, ప్రమాదకరమైన కమాండ్ పేజీ మీద ఏ బోర్డూ లేదు. కొత్తవాడు రెండు పేజీలూ తెరిస్తే దేన్ని నమ్ముతాడు చెప్పండి?

సరే, ఇప్పుడు మనమే ఆ పేజీ సరిచేద్దాం. డాష్ డాష్ ఫైల్ అన్న చోట ఏం రాయాలి? ఎవరైనా చెప్పండి. ఆ, కిటికీ పక్కన బాబు. "ఫైల్‌ని చివరి కమిట్‌లో ఉన్నట్టుగా మారుస్తుంది." బాగుంది, చిన్నగా ఉంది, అందరికీ అర్థమవుతుంది. కానీ తప్పు.

ఎందుకు తప్పు? మీరు ఫైల్ మార్చారు, గిట్ యాడ్ కొట్టారు, ఇంకా కమిట్ చేయలేదు. తర్వాత ఇంకొంచెం మార్చారు. ఇప్పుడు చెకౌట్ డాష్ డాష్ కొడితే చివరి కమిట్‌కి వెళ్లదు. యాడ్ చేసినప్పుడు ఎలా ఉందో అక్కడికి వెళ్తుంది. చివరి కమిట్‌లోది కావాలంటే మధ్యలో హెడ్ అని చెప్పాలి. అలా చెప్తే మళ్లీ ఫైల్ ఒక్కటే కాదు, ఇండెక్స్‌లో ఉన్న కాపీ కూడా మారుతుంది. ఇక్కడే హెల్ప్ సరిచేసేవాళ్లు చాలామంది జారిపడతారు. సులువుగా రాయాలన్న ఆరాటంలో అబద్ధం రాసేస్తారు. నన్నడిగితే కష్టంగా ఉన్న నిజమే నయం. కష్టంగా ఉంటే కనీసం పక్కవాణ్ణి అడుగుతారు. సులువుగా ఉన్న అబద్ధాన్ని నమ్మి ముందుకెళ్లిపోతారు.

మరి ఎలా రాద్దాం? నేనైతే ఇలా రాస్తాను. "ఈ ఫైల్‌లో మీరు చేసి ఇంకా గిట్ యాడ్ చేయని మార్పులు పోతాయి. వాటిని తిరిగి తెచ్చే దారి గిట్‌లో లేదు. ఫైల్ స్థానంలో ఇండెక్స్‌లో ఉన్న కాపీ వస్తుంది. మీరు గిట్ యాడ్ చేసి ఉంటే అది ఆ యాడ్ చేసినప్పటి కాపీ, లేకపోతే చివరి కమిట్‌లోది." నాలుగు వాక్యాలు. మొదటి రెండూ చదివేవాడి పని గురించి, తర్వాతి రెండూ గిట్ గురించి. ఆ వరస ముఖ్యం. పోయేది ముందు చెప్పాలి, ఎలా పోతుందో తర్వాత చెప్పొచ్చు. ఇందులో కూడా లోటు ఉంది, మర్జ్ మధ్యలో, అంటే రెండు బ్రాంచ్‌లు కలిపేటప్పుడు, గొడవ పడిన ఫైల్ అయితే కథ వేరే. దాన్ని ఇక్కడ ఇరికించకూడదు, కింద దాని పేరా దానికి ఉండాలి. అన్ని మినహాయింపులూ మొదటి వాక్యంలోనే కుక్కితే పాత పేజీయే మళ్లీ తయారవుతుంది.

ఒక్క మాన్యువల్ పేజీలే కాదు, తెర మీద వచ్చే మెసేజ్ కూడా హెల్పే. ఎక్కువమంది చదివే హెల్ప్ అదే. గిట్ స్టేటస్ కొడతారు, మీ బ్రాంచ్ ఆరిజిన్ మెయిన్‌తో, అంటే సర్వర్‌లోని మెయిన్ బ్రాంచ్‌తో, సమానంగా, అప్ టు డేట్‌గా ఉంది అని వస్తుంది. దీన్నిబట్టి ఏం అర్థమైంది? సర్వర్‌లో కొత్తగా ఏమీ లేదని. ఇప్పుడు మీరు గుంటూరు నుంచి రైల్లో వస్తున్నారు, కృష్ణా కెనాల్ దగ్గర సిగ్నల్ పోయింది, నెట్ లేదు. గిట్ స్టేటస్ కొట్టండి. అప్పుడు కూడా అప్ టు డేట్ అనే అంటుంది! నెట్ లేకుండా సర్వర్ సంగతి ఎలా తెలిసింది దానికి? తెలియదు. స్టేటస్ సర్వర్‌ని అడగనే అడగదు. మీరు చివరిసారి ఫెచ్ చేసినప్పుడో, పుల్ చేసినప్పుడో, అంటే తెచ్చి కలుపుకున్నప్పుడో, రాసిపెట్టుకున్న దాంతో పోల్చి చెప్తుంది. ఆ మెసేజ్‌లో "చివరి ఫెచ్ నాటికి" అని రెండు మూడు మాటలు చేరిస్తే ఎంత టెన్షన్ తగ్గుతుంది. చేర్చడం మాత్రం అనుకున్నంత తేలిక కాదు. ఆ వాక్యాన్ని చూసి పనిచేసే స్క్రిప్టులు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఎన్ని భాషల్లోకి అనువాదమై ఉందో. తెర మీది మాట మార్చాలంటే అందుకే ఎక్కువ వాదన జరుగుతుంది. మాన్యువల్‌లో మాట మార్చడం దానికంటే సులువు. మొదటిసారి చేసేవాళ్లు మాన్యువల్‌తోనే మొదలుపెట్టండి.

అవర్స్, దెయిర్స్ గురించి చెప్పమని ఇందాక బయట ఒకాయన అడిగారు. ఉన్నారా? ఆ, ఉన్నారు. మర్జ్‌లో కాన్‌ఫ్లిక్ట్ వస్తే, అంటే ఒకే చోటు రెండు రకాలుగా మారి ఉంటే, ఎవరి కాపీ కావాలో చెప్పే ఆప్షన్లు ఇవి. అవర్స్ అంటే మీరున్న బ్రాంచ్, దెయిర్స్ అంటే తెచ్చి కలుపుతున్న బ్రాంచ్. బాగానే ఉంది. రీబేస్‌లో తిరగబడుతుంది. అవర్స్ అంటే మెయిన్, దెయిర్స్ అంటే మీ సొంత కోడ్. నా కోడ్ "వాళ్లది" ఎలా అయింది? ఎలాగంటే, రీబేస్ మొదలవగానే గిట్ మిమ్మల్ని మెయిన్ చివరన నిలబెట్టి, మీ కమిట్లను ఒక్కొక్కటే బయటివాళ్లవి తెచ్చినట్టు తెచ్చి దాని మీద పెడుతుంది. గిట్ నిలబడిన చోటు నుంచి చూస్తే సరిగ్గానే ఉంది. మాన్యువల్‌లో ఈ సంగతి రాశారు, ఈ రెండూ తారుమారైనట్టు కనిపించవచ్చు అని. ఉన్నది చెకౌట్ పేజీలో ఆ ఆప్షన్ కింద, రీబేస్ పేజీలో డాష్ డాష్ మర్జ్ అనే ఇంకో ఆప్షన్ కింద. కానీ కాన్‌ఫ్లిక్ట్ వచ్చినవాడు అప్పుడు ఆప్షన్లన్నీ చదువుతూ కూర్చుంటాడా అండీ? కూర్చోడు. నిజం రాస్తే చాలదు, మనిషి తప్పిపోయిన చోట రాయాలి.

గిట్‌ని తిడుతూనే ఉన్నానని అనుకోకండి. మంచివి కూడా ఉన్నాయి. మర్జ్ కాని బ్రాంచ్‌ని గిట్ బ్రాంచ్ కమాండ్‌లో చిన్న డీతో తీసేయబోతే, ఇది పూర్తిగా మర్జ్ కాలేదు, నిజంగా తీసేయాలంటే పెద్ద డీ వాడు అని ఆపుతుంది. ఏమైందో చెప్పింది, ఎందుకో చెప్పింది, ముందుకెళ్లే దారీ చెప్పింది. పుష్ తిరస్కరించినప్పుడు వచ్చే సూచన కూడా అంతే, నీ బ్రాంచ్ వెనకబడింది, ముందు పుల్ చెయ్యి అని చెప్తుంది. ఎప్పుడో ఒకరికి కోపం వచ్చి కూర్చుని మార్చారు కాబట్టే అవి అలా ఉన్నాయి.

ఆ కోపం మీకొస్తే ఏం చేయాలో చెప్తాను. మొదట హెల్ప్ రెండు చోట్ల ఉంటుందని తెలుసుకోండి. గిట్ యాడ్ డాష్ హెచ్ కొడితే టెర్మినల్‌లోనే చిన్నది వస్తుంది. అది సీ భాషలో రాసిన గిట్ కోడ్‌లో, బిల్టిన్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. గిట్ హెల్ప్ యాడ్ కొడితే పెద్ద పేజీ వస్తుంది. అది డాక్యుమెంటేషన్ ఫోల్డర్‌లో ఆస్కీడాక్ పద్ధతిలో రాసిన మామూలు టెక్స్ట్. దాన్ని మార్చడానికి సీ రానక్కర్లేదు. కానీ వాడుక చూపే వరసలు మాత్రం రెండు చోట్లా ఒకేలా ఉండాలి. ఉన్నాయో లేదో చూసే టెస్ట్ కూడా ఉంది, ఒకటి మార్చి ఇంకోటి మరిచిపోతే అది పట్టుకుంటుంది. ఆ వరసల్లో గుర్తులకి కూడా పద్ధతి ఉంది. చదరపు బ్రాకెట్లో ఉన్నది ఐచ్ఛికం, కోణాల బ్రాకెట్లో ఉన్నచోట మీ పేరు పెట్టుకోవాలి, మూడు చుక్కలుంటే ఒకటికంటే ఎక్కువ ఇవ్వొచ్చు. కొత్తవాళ్లలో కొందరు ఆ కోణాల బ్రాకెట్లు కూడా టైప్ చేసేస్తారు. టెర్మినల్‌లో కమాండ్లు చదివే షెల్‌కి అవి వేరే అర్థం, ఇంకో గొడవ మొదలవుతుంది.

మార్పు చిన్నదిగా పెట్టండి. ఒక పేజీలో ఒక చిక్కు. కమిట్ మెసేజ్ మొదటి వరసలో డాక్ అని, కోలన్ పెట్టి, చిన్న అక్షరంతో మొదలుపెట్టి విషయం రాస్తారు. కింద మాత్రం ఓపిగ్గా రాయండి. ఇప్పుడు పేజీలో ఏముంది, దాన్ని చదివిన మనిషి ఏమని పొరబడతాడు, నిజంగా జరిగేది ఏమిటి. "వాక్యం మెరుగుపరిచాను" అని మాత్రం రాయకండి. ఎవరికి మెరుగు, ఎందుకు మెరుగు అని వెంటనే అడుగుతారు. ఆఖర్న మీ పేరు, ఈమెయిల్‌తో సైన్డ్ ఆఫ్ బై వరస తప్పనిసరి. పంపేది గిట్ మెయిలింగ్ లిస్ట్‌కి, ఈమెయిల్‌లో. ఈమెయిల్ పద్ధతి కొత్తగా అనిపిస్తే గిట్‌గిట్‌గాడ్జెట్ అని ఉంది, గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్ పెడితే అదే ఈమెయిల్‌గా మార్చి పంపుతుంది. జవాబులు కాస్త పొడిగా ఉంటాయి. నమస్తే, ఎలా ఉన్నారు అని ఉండదు, నేరుగా మూడో వాక్యంలో ఇది తప్పు అంటారు. దాన్ని తిట్టు అనుకోకండి. సరిచేసి రెండో వెర్షన్ పంపండి, మూడోది పంపండి.

ఆ, అక్కడ ఒక అమ్మాయి చాలాసేపట్నుంచి చెయ్యి ఎత్తి ఉంది. చెప్పమ్మా. "ఇప్పుడు అన్నీ ఏఐనే చెప్తోంది కదా మేడం, ఈ పేజీలు ఎవరు చదువుతారు?" మంచి ప్రశ్న. ఆ ఏఐ ఎక్కడ చదువుకుంది తల్లీ? ఈ పేజీలు, ఈ పేజీలు అర్థంకాక జనం అడిగిన ప్రశ్నలు, వాటికి మన అన్నయ్యలు రాసిన జవాబులు. ఇందాక బాబు చెప్పాడే, చివరి కమిట్‌లో ఉన్నట్టు మారుస్తుందని, ఆ జవాబే మీ చాట్‌బాట్ కూడా చెప్తుందేమో ఇప్పుడే అడిగి చూడండి. యాడ్ చేసి ఉంటే సంగతేంటి అని కూడా అడగండి.

టీ తర్వాత లాప్‌టాప్‌లతో కూర్చుందాం. ప్లగ్ పాయింట్లు ఎడమ గోడకే ఉన్నాయి, చార్జ్ తక్కువున్నవాళ్లు అటు వెళ్లండి. గిట్ సోర్స్ పెద్దది, అందరూ ఒకేసారి క్లోన్ చేస్తే ఈ వైఫై తట్టుకోదు, పెన్‌డ్రైవ్‌లో తెచ్చాను. ఫైల్‌ని గిట్ లెక్కలోంచి తీసేసే గిట్ ఆర్ఎం డాష్ డాష్ కాష్డ్ పేజీతో మొదలుపెడదాం. అది కొడితే ఫైల్ మీ దగ్గర ఉంటుంది, కమిట్ చేసి పుష్ చేశాక మీ టీమ్‌వాళ్లు పుల్ చేస్తే వాళ్ల దగ్గర మాయమవుతుంది. పాస్‌వర్డ్ ఫైల్ అయితే పాత కమిట్లలో ఇంకా కూర్చునే ఉంటుంది. ఈ రెండు సంగతులూ ఆ పేజీలో ఎక్కడ పెడితే మనిషికి కనపడతాయో మీరు చూసి చెప్పండి. ఇద్దరిద్దరు కలిసి కూర్చోండి, ఒకరు గిట్ బాగా వచ్చినవాళ్లు, ఒకరు రానివాళ్లు. రాసేది రానివాళ్లు.